ఆ మనిషి కారుకి కొత్త ఇంజను

ప్రియమైన పిడుగుకి,

నువ్వు పంపిన ఫొటో చూశాను. చూసి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. కాసేపయ్యాక మళ్ళీ తీసి చూశాను. సందేహం లేదు, అదే కారు. ఎడమ తలుపు కింద ఉన్న సొట్ట నేను తన్నితే పడింది. ఇంకాస్త గట్టిగా తన్నాల్సింది.

"పాత కారు ఒకటి దొరికిందమ్మా, ఇంజను మారుస్తున్నా" అని ఒక ముక్క రాసి ఊరుకున్నావు. ఫోను చేస్తే "తర్వాత మాట్లాడతా" అన్నావు. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే నాలుగు మాటలకే గొడవ, ఆ వెంటనే కట్. అందుకే కాగితం మీద రాస్తున్నా. కాగితాన్ని కట్ చెయ్యలేవు కదా. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

ఆ కారు గురించి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టినప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడో తెలుసా? దాని కింద. కబురు పంపితే "ఆయిలు కారుతోంది, బిగించి వస్తా" అన్నాడట. ఆయిలు కారడం ఆగింది, నువ్వు ఆగలేదు. వచ్చి నల్లటి వేళ్ళతో నిన్ను ఎత్తుకోబోతే నర్సు ఆ చేతి మీద ఒక్కటి వేసింది. ఆ నర్సుకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటా.

వంటగది సింకులో కార్బురేటరు కడిగేవాడు. మనం నీళ్ళు తాగే గిన్నెలో ప్లగ్గులు నానబెట్టేవాడు. నేను కూర్చుని పూలు కుట్టుకున్న దిండు గలీబు చింపి ఇంజను తుడిచాడు. అదేమిటండీ అంటే "కాటనైతే బాగా పీలుస్తుంది" అన్నాడు. అంతే, ఆ విషయం అక్కడితో అయిపోయింది ఆయన లెక్కలో.

ఒకరోజు పొద్దున్నే "శబ్దం ఏదో తేడాగా ఉంది, అలా తిప్పి వస్తా" అని వెళ్ళాడు. ఇంకో ఊళ్ళో, ఇంకో షెడ్డులో, అదే కారు కింద తేలాడని చాలా కాలానికి తెలిసింది. ఎవరో ఆడదాని కోసం పోయుంటే కనీసం దాన్ని తిట్టుకుని ఏడ్చేదాన్ని. ఇనప డబ్బా కోసం పోయాడు. నా సవతి ఫలానా అని చెప్పుకోవడానికి కూడా సిగ్గే.

కాబట్టి దానికి ఇంజను మార్చకు. ముక్కలు కోయించి తూకానికి వేసెయ్యి. అసలు నీ చేతికెలా వచ్చిందో రాయి.

ఇక్కడ అంతా మామూలే. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం మొరాయించింది. మెకానిక్కు వచ్చి దాని చుట్టూ ప్రదక్షిణలు చేసి, చివరికి వైరు ఊడిందని కనిపెట్టాడు. మెకానిక్కుల గురించి నా అభిప్రాయం నీకు తెలుసు. నువ్వు తప్ప.

వేళకి తింటున్నావనుకునే,
మీ అమ్మ


ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం గ్రీజు చేతులతో విప్పాను. ఇప్పుడు దాన్నిండా నా వేలిముద్రలే. నువ్వు తిట్టిన తిట్లన్నీ చదివి, నేనూ రెండు కలిపి, మళ్ళీ పనిలో పడ్డాను.

కారు తుక్కు యార్డులో దొరికింది. కోసేస్తుంటే తెచ్చుకున్నా. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

దాని ఇంజను విప్పాను. చూడాల్సిందమ్మా నువ్వు. లోపల పిస్టన్లు గోడలకి కరుచుకుపోయి ఉన్నాయి. బ్లాకు పైనుంచి కిందదాకా పగిలింది. ఆ పగులు మీద ఏదో లప్పం పూసి, పైన చక్కగా రంగు వేసి ఉంచాడు మహానుభావుడు. లోపలంతా పగుళ్ళు, పైన మెరుగు. ఆ ఒక్క పని చూస్తే చాలు, మనిషి ఏమిటో తెలిసిపోతుంది. గొలుసు కట్టి ఎత్తి, తీసుకెళ్ళి మూల పడేశాను.

నువ్వు తూకానికి వెయ్యమన్నావు. వెయ్యను. కోపంతోనే వెయ్యను. ఆయన ఇంజను తీసేసి నా ఇంజను పెడతాను. ఆ కారు కదిలితే నా చేతి పని వల్ల కదలాలి. అందులో ఆయనది అన్న ముక్క ఏదీ తిరగకూడదు.

కొత్తది వ్యాను ఇంజను. వెనకనుంచి లారీ గుద్దితే వ్యాను మొత్తం నలిగింది, ముందుభాగం మాత్రం చెక్కుచెదరలేదు. ఇంజను దిగడం సులువుగానే దిగింది. అసలు తంటా ఆ తర్వాతే. వ్యాను గేర్‌బాక్సు పొడుగెక్కువ. అక్కణ్ణుంచి వెనక ఇరుసుకి తిరుగుడు అందించే గొట్టం ఉంటుందే, డ్రైవ్‌షాఫ్ట్, పాతది ఇప్పుడు పట్టదు. దాన్ని కోయించి, ముందు వైపు వ్యాను ముక్కా వెనక వైపు ఈ కారు ముక్కా అతికించి, తిరిగేటప్పుడు వణక్కుండా తూకం సరిచేయించాలి. కారు స్టాండ్ల మీదకి ఎత్తి, గేర్‌బాక్సు కింద పడుకుని, టేపు రెండో కొస ఇరుసు దగ్గర లాగి పట్టుకోమని అరిచి, అంకె సుద్దతో నేలమీద రాసుకున్నా. లేత్ షాపుకి పంపాను.

రేడియేటరుతో ఇంకో తలనొప్పి. ఇంజను ముందుకి వచ్చింది కదా, ఫ్యాను రెక్కలు వెళ్ళి రేడియేటరుకి కొట్టుకుంటున్నాయి. పైపులు తగిలించే మూతులు కూడా ఇటువైపుండాల్సినవి అటువైపున్నాయి. ఊరికే ఒకసారి తిప్పి చూద్దామంటే ఇంజను అలిగింది. అలిగినదాన్ని బలవంతపెట్టకూడదు, కాసేపు వదిలేసి మళ్ళీ పలకరించాలి.

వేళకి తింటున్నా. నువ్వు బరువులు ఎత్తకు.

నీ పిడుగు


ప్రియమైన పిడుగుకి,

టేపు రెండో కొస లాగి పట్టుకోమని ఎవర్ని అరిచావు? ఇరుసునా?

నీ షెడ్డులో నువ్వొక్కదానివే ఉంటావు. మనిషిని పెట్టుకోవే అంటే "నా పని ఇంకొకరి చేతికి ఇవ్వను" అంటావు. నేను కొన్నేళ్ళపాటు ఆ కారు పక్కన కూర్చుని ఆ కొసలూ ఈ కొసలూ పట్టుకున్నదాన్ని. ఒక్క మనిషితో అయ్యే పనేదో, ఇద్దరు కావలసిన పనేదో నాకు తెలుసు.

సరే, టేపు వదిలెయ్. "ఇంజను అలిగింది, మళ్ళీ పలకరించాలి" అని రాశావు. ఆ మాట నీది కాదు. నువ్వయితే "దీని మొహం మండ, స్టార్టవడం లేదు" అంటావు. ఇంజను అలుగుతుందనేవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఇంట్లో మనిషి అలిగితే ఏనాడూ కనిపెట్టలేదు, ఇంజను అలక మాత్రం పక్క వీధినుంచే తెలిసేది.

తుక్కు యార్డట! అబద్ధం ఆడితే ఆడావు, కాస్త నునుపుగా ఆడాల్సింది. ఆడటం రాని విద్య ఎందుకు నీకు?

ఆ మనిషి నీ దగ్గర ఉన్నాడు. అవునా, కాదా? ఒక్క మాట రాయి. వంకరటింకర కబుర్లు వద్దు.

అమ్మ


ప్రియమైన అమ్మకి,

అవును.

కోప్పడకు. కోప్పడినా చివరిదాకా చదువు.

ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఒక ట్రాక్టరు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని వెనక తాడుతో కట్టిన ఈ కారు. అందులో స్టీరింగు ముందు నిటారుగా కూర్చుని ఆయన, ఏదో ఊరేగింపుకి వచ్చినట్టు. దిగి, నా వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ "ఇక్కడ పాత కార్లు చేసే అమ్మాయి ఉందట" అన్నాడు.

"నేనే" అన్నా.

"తెలుసు. నువ్వేనని తెలిసే వచ్చా. ఈ ఇంజను ఎవరివల్లా కాలేదు."

అంతేనమ్మా. ఎలా ఉన్నావని లేదు. మీ అమ్మ ఎలా ఉందని లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూతురు కనిపిస్తే ఆయన చేసిన మొదటి పని బానెట్ ఎత్తడం. నేను మామూలుగా లారీ డ్రైవర్లని కూడా అనని మాటలన్నాను. నిలబడి విన్నాడు. అంతా అయ్యాక "ఒకసారి చూడు" అన్నాడు.

ఏం చెయ్యాలో అప్పుడే అనుకున్నా. "చేస్తాను. కానీ ఈ ఇంజను తీసి అవతల పారేస్తా. ఇష్టమైతే లోపలికి తోయండి, లేకపోతే తాడు విప్పకుండా అలాగే వెళ్ళండి" అన్నా. ట్రాక్టరువాడు విసుక్కుని హారన్ కొట్టేదాకా ఆలోచించి, సరేనన్నాడు. ఇంజను పైకి లేపుతుంటే అటు తిరిగి గోడవైపు నిలబడ్డాడు. నాకు జాలి వెయ్యలేదు. సంతోషం వేసింది. ఇలా రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది.

టైర్లు పెట్టుకునే గదిలో పడుకుంటున్నాడు. ఒక విషయం. ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడవు. ఒప్పుకోడు. స్పానరు అడిగితే ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి, చివర్లో కళ్ళ దగ్గర పెట్టుకుని సైజు చదివినట్టు నటిస్తాడు. మొన్న టీ అనుకుని బ్రేకు ఆయిలు గ్లాసు ఎత్తాడు. పెదాల దాకా వచ్చాక వాసన తెలిసి దించాడు. నేను అంతా చూస్తూ ఊరుకున్నా.

ఇంకోటి కూడా చెప్పేస్తా. షాఫ్టు కొలిచేటప్పుడు ఆయన "చక్రాలు నేలకి ఆననీ, కారు బరువు స్ప్రింగుల మీద పడ్డాకే కొలవాలి" అన్నాడు. "మీరు టేపు పట్టుకోండి చాలు" అన్నా. గాల్లోనే కొలిచా. షాఫ్టు వచ్చింది, బిగించా, కారు కిందకి దించా. ఇరుసు పైకి లేచేసరికి షాఫ్టు వెళ్ళి గేర్‌బాక్సులోకి పొడుచుకుంది. కాస్త ఖాళీ కూడా మిగల్లేదు. మళ్ళీ విప్పి, మళ్ళీ లేత్ షాపుకి పంపి, మళ్ళీ కోయించాలి. ఆయన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిరిగి రెండనేదాన్ని. అనకుండా కూర్చోవడంలోనే ఉంది ఆయన పొగరంతా.

పని అయ్యాక తాళాలు చేతిలో పెట్టి వెళ్ళమంటా. మళ్ళీ ఎటు తిప్పుకుంటాడో తిప్పుకోనీ. ఒక్కరోజు కూడా ఎక్కువ ఉంచను.

నువ్వు మాత్రం రాకమ్మా. ఆయన మొహం చూస్తే నీ ఒంటికి మంచిది కాదు.

పిడుగు


ప్రియమైన పిడుగుకి,

రాను. నాకేం పని? ఇక్కడ ఉతకాల్సిన బట్టలు కొండంత పడి ఉన్నాయి. వాటిలో మురికి ఉతికితే పోతుంది.

బట్టతల వచ్చిందా? వస్తే రాయి, కాస్త సంతోషిస్తా. పళ్ళున్నాయా? నడుస్తుంటే ఆయాసం వస్తోందా? ఊరికే అడుగుతున్నా. టైర్ల గది మంచి చోటే. రబ్బరు వాసనంటే ఆయనకి ప్రాణం.

తాళాలిచ్చి పంపేస్తానన్నావు, మంచిది. మెత్తబడకు. ఆ మనిషి నోరు తెరిచి ఏదీ అడగడు, ఎదుటివాళ్ళే ఇచ్చేదాకా అలా నిలబడి ఉంటాడు. అది ఆయన విద్య. నేను దానికే పడ్డాను.

కళ్ళు కనపడవన్నావు. ఎంతవరకు కనపడవు? మనిషిని పోల్చుకోగలడా?

అమ్మ


ప్రియమైన అమ్మకి,

నువ్వడిగినవన్నీ వరసగా: బట్టతల వచ్చింది, చెవుల మీద మాత్రం కాస్త మిగిలింది. పళ్ళు సగం. ఆయాసం లేదు, గురక ఉంది. చూపు సంగతి, దూరంనుంచి మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. నిన్న నన్ను చూసి పోస్టుమాన్ అనుకుని నిలబడ్డాడు. సంతోషించు.

ఇక్కడో విచిత్రం జరిగింది. కోసిన షాఫ్టు లేత్ షాపునుంచి తెచ్చి షెడ్డులో పెట్టి, నేను రేడియేటరు పనికి వెళ్ళా. మూతులు రెండో వైపుకి మార్పించి, దగ్గరుండి అతుకు వేయించుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వచ్చి చూస్తే షాఫ్టు బిగించి ఉంది! కారు చక్రాల మీద నిలబెట్టి, కింద పని చేసుకునే గుంటలో దిగి, ముందూ వెనకా అన్నీ సరిగ్గా కూర్చోబెట్టారు. గేర్‌బాక్సు దగ్గర ఉండాల్సిన ఖాళీ సరిగ్గా ఉంది. బిగించిన ప్రతి బోల్టు మీదా గుర్తుకి తెల్లరంగు చుక్క. ఆయన పెడితే చుక్క నేలమీద పడుతుంది గాని బోల్టు మీద పడదు.

"ఎవరు చేశారు?" అంటే "రోడ్డు మీద పోతున్న మనిషిని పిలిచా" అన్నాడు. దారినపోయేవాళ్ళు గుంటలో దిగి బోల్టులు బిగించి వెళ్ళిపోతారట! నా షెడ్డులో నా పని ఎవరితోనో చేయించాడని ఒళ్ళు మండి, ఉన్నవీ లేనివీ అన్నాను. మామూలుగా గోడలా నిలబడతాడు కదా, ఆరోజు వినలేదసలు. కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడిగాడు, మళ్ళీ కడిగాడు. సబ్బు అడిగాడు. గడ్డం గీసుకోవడానికి బ్లేడు ఉందా అన్నాడు. నాకైతే బుర్ర చెడిందేమో అనిపించింది.

ఆ తర్వాత రేడియేటరు. కొత్తగా రెండు పట్టీలు కొట్టి, కింద రబ్బరు వేసి, ముందుకి జరిపి కూర్చోబెట్టా. ఇంజను మీద ఫ్యాను పీకేసి, రేడియేటరు ముందు కరెంటు ఫ్యాను పెట్టా. నీళ్ళు పోసి తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. ఎంత మెత్తగా తిరిగిందో! నా ఇంజనమ్మా. కానీ వేడి చూపించే ముల్లు ఆగకుండా పైకే వెళ్తోంది. నేను అతుకులు వెతుకుతుంటే ఆయన చెయ్యి జాపి రెండు పైపులూ పట్టుకుని చూశాడు. "పైది కాలుతోంది, కిందది చల్లగా ఉంది. నీళ్ళు తిరగట్లేదు, లోపల గాలి చిక్కుకుంది" అన్నాడు. ఆపి, చల్లారనిచ్చి, కారు ముక్కు ఎత్తిపెట్టి, మూత తీసి మళ్ళీ తిప్పితే బుడగలు బుడగలుగా గాలంతా వచ్చేసింది. ముల్లు సగానికి దిగి నిలబడింది. ఆయన నవ్వాడు. ఇద్దరం కలిసి చేసినట్టు నవ్వాడు! నేను ఇంజను ఆపేసి బయటికి వచ్చేశా.

ఈ వారంలో తాళాలు ఇచ్చేస్తున్నా. చూపు లేకుండా ఎలా నడుపుతాడు అంటావేమో. అది ఆయన గొడవ. ఆయన పోయినప్పుడు మనం ఎలా బతుకుతామని ఆయన అడిగాడా? మెత్తబడలేదని నీకు తెలియాలనే రాస్తున్నా.

పిడుగు


ప్రియమైన పిడుగుకి,

తాళాలు ఇవ్వకు. ఇది చదవగానే ముందు లేచి, అవి ఎక్కడున్నా తీసి నీ జేబులో వేసుకో. వేసుకున్నావా? ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

ఆ దారినపోయే మనిషిని నేనే.

రానని ఉత్తరం రాసి, డబ్బాలో వేసి, మర్నాడు బస్సెక్కాను. ఎందుకంటే ఏం చెప్పను! పళ్ళు ఊడి, తల బోడై, కూతురి చేత తిట్లు తింటున్న మనిషిని కళ్ళారా చూడాలనిపించింది. ఎదురుగా నిలబడి ఒక నాలుగు మాటలని, కడుపు చల్లబడ్డాక తిరిగి వచ్చేద్దామనుకున్నా. బస్సులో ఆ నాలుగూ వల్లె వేసుకుంటూనే ఉన్నా. మంచి మాటలే కుదిరాయి. పక్క సీటావిడ రెండుసార్లు నా వైపు చూసింది, పెదాలు కదిలాయి కాబోలు.

నువ్వు లేవు. తలుపు తీసే ఉంది. ఆయన గుంట అంచున కూర్చుని, ఆ షాఫ్టు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దాని కొసనున్న క్రాస్ జాయింటు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు. "అమ్మాయి రేడియేటరు షాపుకి వెళ్ళిందండీ. పనుంటే కూర్చోండి" అన్నాడు.

నన్ను ‘అండీ’ అన్నాడు పిడుగూ. కాపురం చేసినన్నాళ్ళూ ‘ఏమోయ్’ తప్ప ఇంకోటి వినని చెవులివి.

వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఈలోగా ఆయనే "మీకు తొందర లేకపోతే ఒక చిన్న సాయం చేస్తారా? అమ్మాయి వచ్చేలోగా ఇది బిగించేద్దామని. ఆ లైటు కాస్త పట్టుకుంటే చాలు" అన్నాడు. ఎందుకు పట్టుకున్నానో నన్నడక్కు. సంచి గోడకి ఆనించి, లైటు తీసుకుని, గుంటలోకి దిగాను.

ఆయన ముందు కొస గేర్‌బాక్సులోకి తోశాడు. వెనక కొస ఎత్తి పట్టమని నాకు చెప్పాడు. ఒక చేత్తో లైటు, ఒక చేత్తో ఆ ఇనుము. బోల్టు రంధ్రాలు కుదరడం లేదు. ఆయన వేలు పెట్టి తడుముతూ "మా అమ్మాయి చేసిందండీ ఇదంతా" అన్నాడు. "నేను పెట్టిన ఇంజను చెత్త. లప్పం పూసి నెట్టుకొచ్చా. అది చూసి ఒక్క నిమిషంలో కనిపెట్టేసింది. నాకిన్నేళ్ళు పట్టింది" అన్నాడు. ఎవరో పరాయి మనిషితో చెప్పుకుంటున్నాడు! నీతో ఒక్క ముక్క అనడు.

అప్పుడు నాకు చెయ్యి నొప్పి పుట్టి లైటు జారింది. సర్దుకుని పట్టుకుంటే వెలుగు ఆయన మొహం మీద పడింది. ఆయన కళ్ళు చిట్లించి, పని ఆపేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"లైటు బోల్టు మీద వెయ్యవోయ్. నువ్వెప్పుడూ నా మొహం మీదే కొడతావు."

ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు. అడగలేదు. నేను కదల్లేదు. లైటు తిప్పలేదు కూడా. "మొహం మీదే కొడతా. ఏం చేస్తావు?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన్ని ‘నువ్వు’ అన్నాను పిడుగూ. నాలుగు మాటలెందుకు, ఆ ఒక్కటి చాలింది.

కళ్ళ మీద అంత వెలుగు పడుతున్నా మొహం తిప్పుకోలేదు. "కొట్టు" అన్నాడు. "ఈ మధ్య నాకు సరిగ్గా కనపడేది అదొక్కటే."

కాసేపటికి నేనే లైటు బోల్టు మీదకి తిప్పాను. ఆయన చేతిలోంచి స్పానరు లాక్కున్నాను. రంధ్రాలు నేనే కుదిర్చాను, బోల్టులు నేనే బిగించాను, చుక్కలు నేనే పెట్టాను. ఆయన స్పానర్లు తడిమి తడిమి అందిస్తూ కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. అడిగుంటే స్పానరుతో కొట్టేదాన్ని. పైకి వచ్చి చేతులు కడుక్కుని సంచి తీసుకుంటుంటే "అమ్మాయికి చెప్పాలా?" అన్నాడు. "నోరు మూసుకో" అన్నాను. మూసుకున్నట్టున్నాడు. మనిషి నా మాట విన్నది అదే మొదలు.

తిరుగు బస్సులో ఏడుస్తాననుకున్నా, రాలేదు. గెలిచినట్టు ఉంటుందనుకున్నా, అదీ లేదు. ఇన్నేళ్ళూ తలుచుకుని తిట్టుకోవడానికి నాకొక మనిషి ఉండేవాడు, నిటారుగా, పొగరుగా, నల్లటి వేళ్ళతో. గుంటలో నాకు కనిపించింది వాడు కాదు. వాడు ఎక్కడికి పోయాడో, ఇప్పుడు నేను ఎవర్ని తిట్టుకోవాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. ప్రేమేమీ పుట్టుకురాలేదు, భయపడకు. ఖాళీగా ఉంది, అంతే.

ఇప్పుడు నీ సంగతి. బ్రేకు ఆయిలు ఎత్తుతుంటే చూస్తూ ఊరుకున్నానని రాశావు. చూపు లేని మనిషికి తాళాలిచ్చి రోడ్డు మీదకి పంపుతానని రాశావు. అవి చదివాక నాకు అన్నం సహించలేదు. ఆయన కోసం కాదే, నీ కోసం. ఆ మనిషి మీద అసహ్యం నా సొంతం. ఒక్కొక్క దుప్పటీ ఉతుకుతూ, నేనొక్కదాన్నే నిన్ను పెంచుకుంటూ సంపాదించుకున్నా. అది నీకు ఆస్తిలా రాసివ్వడానికి కాదు. నీ కోపం నీకుంది, ఉండనీ. ఆయన్ని తిట్టు, కసురు, టైర్ల గదిలోనే పడుకోబెట్టు. కానీ గ్లాసు నోటి దగ్గరికి వెళ్తుంటే చూస్తూ ఊరుకునే మనిషివి కాకు. నేను పెంచింది అలాంటిదాన్ని కాదు.

కంటి వార్డు దుప్పట్లు మా లాండ్రీకే వస్తాయి. అక్కడి పెద్ద నర్సుతో మాట్లాడాను. నేను చెప్పిందంతా విని, శుక్లాలై ఉంటాయి, డాక్టరు చూసి ఔనంటే చిన్న ఆపరేషనే అంది. వచ్చే సోమవారం పొద్దున్నే ఆయన్ని తీసుకురా. ఆ కారులోనే తీసుకురా, నీ ఇంజను ఎలా తిరుగుతుందో నేనూ వినాలి. నువ్వు నడుపు. ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టు, గేరు ఎలా వెయ్యాలో చెప్పబోతే ఆపి దింపెయ్యి. నా ఇంట్లో చోటు లేదు. ఆసుపత్రి అయ్యాక తిరిగి నీ షెడ్డుకే.

కట్టు విప్పేటప్పుడు మాత్రం నేను ఎదురుగా ఉంటాను. తలకి రంగు వేసుకోను. ఈ జుట్టు నెరిసేటప్పుడు ఆ మనిషి చూడలేదు. ఒక్కొక్క వెంట్రుకా తీరిగ్గా చూడనీ.

సోమవారం మీకోసం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడే,
అమ్మ